బందరు బొప్పాయి, దివిసీమ ఊకపొయ్యి

పచ్చి బొప్పాయి కాయకు కత్తి గాటు పెట్టగానే చిక్కటి పాలు బొట్లు బొట్లుగా ఊరతాయి. ఆ పాలకు ఒక వాసన ఉంది. అప్పుడే కోసిన గడ్డిమోపు పక్కన నిలబడితే వచ్చే పచ్చివాసనకు కాస్త చేదు కలిపినట్టు ఉంటుంది. ఆదివారం ప్రార్థన ముగించుకుని, దారిలో కూర కొనుక్కుని, బందరులోని మా ఇంటి వంటగదిలో కత్తిపీట ముందు కూర్చుని కాయ కోసిన ప్రతిసారీ అది నా వేళ్ళకు అంటుకుంటుంది. సబ్బు పెట్టి తోమినా సాయంత్రం దాకా వదలదు. వదలకపోగా నన్ను చెయ్యిపట్టుకుని అవనిగడ్డ దాటించి, కాలవ గట్టు మీద నడిపించి, మా పల్లెలో మరియత్త దొడ్లో కూచోబెడుతుంది. బొప్పాయిని పండుగా తినేవాళ్ళు హాయిగా తినండి, నాకేం అభ్యంతరం లేదు. మా ఇంట్లో మాత్రం ఆ కాయ పేరెత్తితే ఇద్దరు ఆడవాళ్ళ సంగతి చెప్పుకోవాలి. ఒకరు మా అమ్మ సుగుణమ్మ, రెండో ఆవిడ మా నాన్న అక్క మరియమ్మ.

కూర అన్నాను గదా, ఏ కూర అని అడిగేవాళ్ళ కోసం చెబుతున్నాను, పెద్దకూర. మా పల్లెలో దానికి ఆ పేరు కూడా లేదు. కోడైతే కోడికూర, చేపైతే చేపల పులుసు, ముందు ఏ మాటా తగిలించకుండా ఉత్త కూర అంటే ఇదే. బడిలోనూ బస్సులోనూ మాత్రం గొంతు తగ్గించి ‘పెద్దది’ అనేవాళ్ళం. ఎందుకు తగ్గించాలో మాకెవరూ కూర్చోబెట్టి చెప్పలేదు, అందరికీ తెలుసు, అంతే. ఆ రోజుల్లో మా వైపు కోతకొచ్చేది ఏళ్ళ తరబడి కాడి మోసి అలసిపోయిన పశువు. దాని మాంసం లేతగా ఎందుకుంటుంది? నాగలి లాగిన మెడ, బురదలో దిగబడి లేచిన తొడలు, అన్నీ తాళ్ళే. కూర వండడమంటే మా వాళ్ళకు రుచి సంగతి తర్వాత, ముందు ఆ తాడును మెత్తబరచడం. ఆ విద్య ఎవరికెంత వచ్చో దాన్ని బట్టే పల్లెలో ఆడవాళ్ళకు పేరు.

అమ్మ బందరు పిల్ల. ఆమె పుట్టింటి గోడ పక్కనే ఒక ముస్లిం కుటుంబం ఉండేదట. ఆ ఇంటి పెద్దావిడ దగ్గర ముదురు తొడ ముక్కకు పెరుగూ పచ్చి బొప్పాయీ పట్టించడం, శనగపప్పూ సొరకాయా వేసి దాల్చా కాయడం ఓణీ వేయకముందే నేర్చేసుకుంది. ముక్కను ముందు పీట మీద పరిచి, వేళ్ళతో తడిమి, పీచు ఎటు నడుస్తుందో చూసేది. పీచు వెంట కోస్తే ఎంత ఉడికినా సాగుతుంది, అడ్డంగా కోస్తే పంటి కింద తెగుతుంది అనేది. ఆ తర్వాత కత్తిని తిరగేసి దాని వీపుతో టకటకా కొట్టేది, అదీ గట్టిగా కాదు, చంటిపిల్లను జోకొట్టినట్టు. అప్పుడు చెక్కు తీయకుండానే బొప్పాయిని రోట్లో నూరి, బాదంకాయంత ముద్ద తీసి ముక్కలకు పట్టించి, పైన అరిటాకు మూసి, అల్లం వెల్లుల్లి నూరుకుని పొయ్యి రాజేసేంతసేపు పక్కన పెట్టేది. అంతకు మించి ఉంచాల్సి వస్తే ముద్ద తగ్గించేది. “బొప్పాయి దొంగలాంటిదే. ఇంట్లోకి రానివ్వచ్చు గానీ ఒంటరిగా వదిలిపెట్టి పోకూడదు” అని నాతో చాలాసార్లు అంది.

మరియత్తకు తొందరంటే గిట్టదు. ఆమెది ఊకపొయ్యి. బియ్యం మిల్లు నుంచి తెచ్చిన ఊకను పొయ్యి నిండా కూరి, మధ్యలో రోకలి నిలబెట్టి చుట్టూ దట్టించి, ఆ రోకలిని మెల్లగా పైకి లాగేస్తే మిగిలిన బొక్కలో నిప్పు పెట్టేది. మంట కనపడదు, పొగ పెద్దగా రాదు, ఎర్రటి సెగ మాత్రం పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఒకే తీరున వస్తుంది. దాని మీద మట్టికుండ, కుండలో మెడ ముక్కలు, కాళ్ళ బొమికలు, అడుగున ఒక కొబ్బరి చిప్ప పెంకు. పెంకు వేస్తే ముక్క త్వరగా ఉడుకుతుందని ఆమె నమ్మకం, అది నిజమో కాదో నేను ఈనాటికీ తేల్చుకోలేదు. మూత మీద నీళ్ళ గిన్నె. కుండలో నీళ్ళు తగ్గితే ఆ గిన్నెలోని వేణ్ణీళ్ళే పొయ్యాలి, చన్నీళ్ళు పోస్తే ముక్క ఉలిక్కిపడి బిగుసుకుంటుందట. ఉప్పు చివరన. గోంగూర అయితే ఇంకా చివరన. ఆ బొమికల పులుసు తిన్నాక మాట్లాడబోతే పెదాలు ఒకదానికొకటి అతుక్కునేవి, పిల్లలం కావాలనే మూతులు బిగించి ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వుకునేవాళ్ళం. మూలగ బొమిక ఎవరికొస్తే వాళ్ళు ఆ పూటకు రాజు. పళ్ళెం అంచుకు టంగుటంగున కొట్టి, పీల్చి, చివరికి చీపురుపుల్ల పెట్టి లాగినా ఇంకా లోపల ఏదో మిగిలిందనే అనిపించేది.

మా రెండిళ్ళకూ మధ్య గోడ లేదు, ములగచెట్టు ఒక్కటే ఉండేది. మావయ్య ముందే పోయాడు. అత్తా, ఆమె ఒక్కగానొక్క కూతురు రూతు వదినా ఆ ఇంట్లో ఉండేవాళ్ళు. తొడ ముక్క వస్తే అమ్మ చేతికి, మెడా బొమికలూ వస్తే అత్త చేతికి, వంట ఎవరిదైనా తినేది అందరం. కార్జం, అదే లివరు, మాత్రం ఇద్దరిదీ కాదు, ఎవరు ముందు పొయ్యి వెలిగిస్తే వాళ్ళది. దానికి ఏ మెత్తబరచడమూ అక్కర్లేదు, వేడి పెనం మీద అటూ ఇటూ తిప్పి మిరియాల పొడి చల్లి దింపేయాలి, రెండు మాటలు ఎక్కువ మాట్లాడుకుంటే చెప్పు తోలైపోతుంది. ఆ రెండు మాటలు ఎక్కువ మాట్లాడుకోకుండా ఉండడం ఆ వదినా మరదళ్ళకు చేతనయ్యేది కాదు. మా ఇంట్లో నేను తిన్న కార్జం చాలాసార్లు చెప్పు తోలే.

“మందు పెట్టి మెత్తబరిస్తే అదీ ఒక వంటేనటే? ముక్కను బతిమాలాలే గానీ మాయ చేయకూడదు సుగుణా!” అనేది అత్త.

“నువ్వు బతిమాలేలోపు ఇంటిల్లిపాదీ ఆకలితో సొమ్మసిల్లుతున్నారొదినా!” అనేది అమ్మ.

“పోవే, బందరు మాయలాడీ!”

ఇలాగే ఉండేది వరస. ఆమె దొడ్లో కాకర పందిరి ఉండేది, దొండ ఉండేది, అరటి ఉండేది, బొప్పాయి మొక్క మాత్రం పక్షులు విత్తనం వేసి మొలిపించినా పీకేసేది. మాయలాడి చెట్టుకు నా దొడ్లో చోటు లేదనేది. అమ్మ ఆ పీకేసిన మొక్కను తెచ్చి మా వైపు నాటుకునేది. ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు.

ఎండాకాలం వస్తే తునకలు. ముక్కను సాగదీసి పొడుగ్గా చీలికలు కోసి, ఉప్పూ పసుపూ రాసి, రెండిళ్ళ చూరుల మధ్య కట్టిన కొబ్బరితాడు మీద ఆరేసేవాళ్ళు. కాకులను తోలడం పిల్లల పని. కర్ర పట్టుకుని ములగచెట్టు నీడలో కూర్చుంటే, ఎండకు కొవ్వు కరిగి చుక్కచుక్కగా దుమ్ములో పడుతుంటే, ఆ వాసనకు నోట్లో నీళ్ళూరేవి. కాకులను తోలేవాళ్ళం గానీ మమ్మల్ని తోలేవాళ్ళెవరు? సగం ఎండిన తునక మా జేబుల్లోకి చేరిపోయేది. వానలు పట్టి, కాలవ పొంగి, బజారుకు పోను దారి లేని రోజుల్లో ఆ తునకలను అత్త నిప్పుల మీద కాల్చి, రోట్లో వేసి దంచి, పీచుపీచుగా విడిపోయాక చింతచిగురుతోనో దోసకాయతోనో వండేది. దంచడంలో కూడా ఇద్దరి చేతులూ ఉండేవి, ఒకరు రోకలి ఎత్తితే ఒకరు దించడం. బయట వాన, లోపల ఆ రోకళ్ళ చప్పుడు. నాకు ఇప్పటికీ వాన పడితే ఏదో ఒకటి లేనట్టే ఉంటుంది.

క్రిస్మస్ ముందు రోజు మాత్రం అందరికీ పండగ. పొద్దున్నే మంచు విడవకముందే కాలవ గట్టు మీద తాటాకులు పరిచి, పల్లెలో వాటా చెప్పినవాళ్ళందరికీ పోగులు పెట్టేవాళ్ళు. ప్రతి పోగులోనూ తొడ కొంచెం, మెడ కొంచెం, పక్కటెముక ఒకటి, కార్జం ముక్క, కొవ్వు, ఏదీ తగ్గకూడదు. ఎవరికే పోగు వెళ్ళాలో తగువు రాకుండా ఒక పద్ధతి ఉండేది. ఒక పెద్దాయన పోగులకు వీపు తిప్పి కాలవ వైపు చూస్తూ నిలబడేవాడు. ఇంకొకాయన ఒక పోగు మీద పుల్ల పెట్టి “ఇదెవురిదీ?” అని అరిచేవాడు. ఈయన చూడకుండా ఒక పేరు చెప్పేవాడు, ఆ పోగు వాళ్ళది. మా రెండిళ్ళకూ కలిపి ఒకటే పెద్ద పోగు, ఒకటే పిలుపు. “మరియమ్మా సుగుణమ్మాది!” అని ఆ పెద్దాయన సాగదీసి పిలిచేవాడు, ఒకే మనిషి పేరయినట్టు. తాటాకు ఒక కొస అమ్మ, ఒక కొస అత్త పట్టుకుని మోసుకొచ్చేవాళ్ళు. ఆ ఆకు వెనకాల మేం పిల్లలం, మా వెనకాల ఊళ్ళో కుక్కలన్నీ.

రూతు వదినకు గుడివాడ సంబంధం కుదిరింది. తండ్రి లేని పిల్ల, పట్నం సంబంధం, కాబట్టి ఏ లోటూ జరగకూడదని అత్తకు గుండెల్లో ఒకటే దడ. ప్రధానం నాడు పెళ్ళికొడుకు తండ్రి, పెద్దమనిషి, మా అరుగు మీద కూర్చుని బోసినోటితో నవ్వుతూ, “అమ్మా, నాకు పళ్ళన్నీ ఊడిపోయినయ్యి. పెళ్ళిలో మరేం పెట్టకపోయినా పర్లేదు గానీ, ముక్క కాస్త మెత్తగా వండించు తల్లీ!” అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వులాటకే అన్నాడు. అమ్మా అత్తా మాత్రం నవ్వలేదు. ఇద్దరూ ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. వంటవాళ్ళను పెట్టొద్దని, పెళ్ళికూర తామిద్దరే వండాలని అప్పటికప్పుడు అనుకున్నారు.

పెళ్ళి మంచి ఎండల్లో వచ్చింది. పెళ్ళినాడు తెల్లారగానే కూర వచ్చింది. అంతా ముదురు తొడ. అత్త అప్పటికే బడి దగ్గర ఏర్పాటు చేసిన విడిదికి, గుడివాడ నుంచి దిగుతున్న మగపెళ్ళివాళ్ళకు కాఫీలు అందుతున్నాయో లేదో చూడ్డానికి పరుగెత్తింది. అమ్మ పందిట్లో కూర్చుని ముక్కలన్నీ పీచుకు అడ్డంగా కోసి, గుడికి వెళ్ళొచ్చేదాకా నానాలి గనక లెక్క చూసుకుని, మామూలు కంటే బాగా తగ్గించి బొప్పాయి ముద్ద ఉప్పూ పసుపుతో కలిపి పట్టించింది. పెద్ద బేసిన్లలో పెట్టి ఆకులు మూసింది. చేతులు కడుక్కుని, పెళ్ళికూతురికి పూలజడ వెయ్యాలని నన్ను కూడా వెంటబెట్టుకుని రూతు వదిన దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత పందిట్లో జరిగింది మేం చూడలేదు గానీ, ఎన్నోసార్లు విన్నాం. అత్త విడిది నుంచి తిరిగొచ్చింది. ఆకులు ఎత్తి చూసింది. ఉప్పూ పసుపూ కలిపిన ముక్కలు కనపడ్డాయి, బొప్పాయి కనపడలేదు. అది కనపడేది కాదు గదా! సుగుణ పెళ్ళికూతురి దగ్గర కూర్చుంది, పనుల్లో మరిచిపోయింది పాపం, అనుకుంది. జీవితంలో ఒక్కసారి కూడా బొప్పాయి ముట్టని మనిషి, మా దొడ్లోకి వచ్చి, మా చెట్టు కాయలు కోసి, అమ్మ ఎలా నూరుతుందో ఇన్నాళ్ళూ దూరం నుంచి చూసింది గనక అలాగే చెక్కుతో సహా నూరింది. ఎంత వెయ్యాలో మాత్రం తెలియదు. నూరినదంతా పట్టించింది.

ఇది చాలదన్నట్టు ఆ రోజు పాస్టరు అయ్యగారికి పరిశుద్ధాత్మ పూని, భార్యాభర్తల ధర్మం మీద ప్రసంగం మొదలుపెట్టి ఆదాము దగ్గర్నుంచి అందుకున్నారు. గుళ్ళో మేమంతా విసనకర్రలతో విసురుకుంటున్నాం, పందిట్లో రెండు చేతుల బొప్పాయి తన పని తాను చేసుకుపోతోంది. తిరిగొచ్చి గుండిగలు పొయ్యి ఎక్కించారు. మసాలా వాసన అద్భుతంగా వచ్చింది. కాసేపటికి అత్త గరిట తిప్పింది, ముక్క తగల్లేదు. లోతుగా పెట్టి తిప్పింది. గరిటకు చిక్కటి గుజ్జు, కొన్ని తెల్లటి నరాల పోగులూ అంటుకొచ్చాయి.

“వొదినా, బొప్పాయి గానీ వేశావా?” అంది అమ్మ, మెల్లగా.

“నువ్వు మర్చిపోయావనుకుని ఏశాను.”

“నేను తెల్లారే పట్టించి వెళ్ళాను.”

అత్త గరిట కింద పెట్టింది. అప్పటికే పంక్తులు వేసేశారు. వేరే దారి లేక అదే వడ్డించారు. మగపెళ్ళివారిలో ఎవడో ఒకడు, వాడెవడో గానీ వాడి నోరు పడ, ఆకులోకి చూసి “ఇదేంటండీ, కూరా జావా? పెళ్ళికి పిలిచి జావ పోశారు!” అన్నాడు. ఆ మాట ఆ చివర నుంచి ఈ చివర దాకా నవ్వుగా పాకింది. పెళ్ళికొడుకు తండ్రి ఒక్కడే, ఆ బోసినోటి పెద్దమనిషి, మళ్ళీ మళ్ళీ వేయించుకుని తృప్తిగా తిన్నాడు. ఆయన తిన్న సంగతి ఎవరికీ గుర్తులేదు. జావ అన్న మాట మాత్రం అందరికీ గుర్తుండిపోయింది.

సాయంత్రం రూతు వదినను పంపించేశాక, ఖాళీ పందిట్లో, నలుగురిలో, అత్త ఏడుస్తూ, “నా బిడ్డ పెళ్ళిలో నా పరువు జావ చేసింది ఈ బందరుది!” అంది. కూతురు వెళ్ళిపోయిన దుఃఖంలో అన్న మాట అది. అమ్మ ఊరుకుంటే సరిపోయేది. మధ్యాహ్నమంతా పొయ్యి దగ్గర ఉడికిన మనిషి, ఊరుకోలేదు. “చేతకాని పని చేతిలోకి తీసుకోమని నిన్నెవరడిగారు? ఒక్క మాట నన్నడిగితే నోటిముత్యాలు రాలిపోతాయా?” అంది. అత్త కన్నీళ్ళు టక్కున ఆగిపోయాయి. కొంగుతో ముఖం తుడుచుకుని, ములగచెట్టు దాటి, తన ఇంట్లోకి వెళ్ళి తలుపేసుకుంది.

అంతే. అంతకంటే పెద్ద తగాదా ఏమీ జరగలేదు. ఆస్తి తగువా, పొలం గట్టా? ఒక గుండిగ కూర. నాలుగు రోజుల్లో సర్దుకుంటారులే అని నాన్న అనుకున్నాడు, అందరమూ అనుకున్నాం. ‘నువ్వు వెయ్యి’ అనో ‘నేను వేశాను’ అనో ఒక్క మాట అనుకుని ఉంటే పోయేది గదా అని నాన్న ఇటు అమ్మతోనూ అటు అక్కతోనూ మొత్తుకున్నాడు. ఇద్దరూ ఒకే జవాబు చెప్పారు, ముందు తనను రమ్మను అని. గుళ్ళో ఒకే చాప మీద కూర్చునేవాళ్ళు, మధ్యలో నన్ను కూర్చోబెట్టుకుని. ఒకే పాట పాడేవాళ్ళు. పాట అయిపోగానే ఎవరి దారి వారిది.

ఆ ఏడు క్రిస్మస్‌కు కాలవ గట్టు మీద పోగులు పెట్టినప్పుడు, వీపు తిప్పి నిలబడిన పెద్దాయన అలవాటుగా “మరియమ్మా సుగుణమ్మాది!” అని సాగదీశాడు. ఎవరూ కదల్లేదు. పుల్ల పట్టుకున్నాయన గొంతు సవరించుకుని, ఆ పోగును రెండు చేస్తూ, “యేరే, యేరే” అన్నాడు. అమ్మ ఒక ఆకు తీసుకుంది, అత్త ఒక ఆకు తీసుకుంది. ఆ రోజు మా ఇంట్లో బొమికలు సరిగా ఉడకలేదు, అత్తింట్లో తొడ ముక్క ఉడికి ఉండదు. పిల్లలం నోరు మూసుకుని నమిలాం. దవడలు నొప్పెట్టాయి.

తర్వాత నాన్నకు బందరు బస్సుల డిపోలో మెకానిక్కు పని దొరికింది, ఇక్కడికి వచ్చేశాం. ప్రెషర్ కుక్కర్ వచ్చింది. కుక్కర్ వచ్చాక తొడేమిటి, మెడేమిటి, అన్నీ ఒకే ఈలకు ఒకే మెత్తన. గొప్ప సుఖమే, కాదనను. కానీ ముక్కను తడిమి చూడడం, పీచు వెతకడం, కొట్టడం, కాపలా కూర్చోవడం అన్నీ దాంతో పోయాయి. అమ్మకు కుక్కర్ అంటే ఇష్టమూ లేదు, కోపమూ లేదు. అది పొయ్యి మీద ఉన్నంతసేపూ వంటింట్లో ఎవరితో మాట్లాడాలో తెలియక అటూ ఇటూ తిరిగేది. పచ్చి బొప్పాయి మాత్రం చాలా ఏళ్ళు కొననివ్వలేదు. నాన్న పోయినప్పుడు అత్త వచ్చింది. తమ్ముడి కాళ్ళు పట్టుకుని ఏడ్చింది, అమ్మను పట్టుకుని ఏడవలేదు. వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఇద్దరూ ఆగారు. “ఆరోగ్యం జాగ్రత్త” అంది అత్త. “నువ్వూ” అంది అమ్మ. అంతవరకే నడిచింది.

అత్త పోయిందని కబురు వచ్చిన రోజు అమ్మ తెల్లచీర కట్టుకుని వాకిట్లో నిలబడింది. మేం వెళ్ళేసరికి భూస్థాపనకు అంతా సిద్ధం చేశారు. ఊళ్ళో చాలా మారిపోయింది, వరిచేలు ఉన్నచోట చేపల చెరువులు, ఆ కాలవ గట్టు మీద సిమెంటు రోడ్డు. అత్త ఇల్లు మాత్రం అలాగే ఉంది. సమాధి దగ్గర్నుంచి తిరిగొచ్చాక కాళ్ళు కడుక్కోవడానికి దొడ్లోకి వెళ్ళాం. వెళ్ళి, అమ్మ చెంబు పట్టుకుని ఆగిపోయింది. నీళ్ళ తొట్టి పక్కన బొప్పాయి చెట్టు. బాగా నీళ్ళు పోసి పెంచిన చెట్టు, మెడ చుట్టూ కాయలు వేలాడుతున్నాయి.

రూతు వదిన వెనకనుంచి వచ్చింది. ఆమెకూ జుట్టు నెరిసింది. “అది మొదటి చెట్టు కాదత్తా. నా పెళ్ళయిన ఏడే ఒకటి నాటింది. అది చచ్చిపోతే ఇంకోటి, అదీ పోతే ఇంకోటి. ఒక్క కాయ పండనిచ్చేది కాదు, మమ్మల్ని కొయ్యనిచ్చేది కాదు. ముదిరితే తనే కోసి పారేసేది. ‘ఎప్పుడన్నా సుగుణొస్తే పచ్చికాయే గదే కావాలీ’ అనేది” అంది.

అమ్మ ఆ చెట్టు మొదలు దగ్గరే కూర్చుంది. ఎప్పటికో లేచింది. బస్సులో బందరు వచ్చేదాకా కిటికీలోంచి బయటికే చూసింది. పులిగడ్డ దాటాక ఉన్నట్టుండి, “వొదిన్ని చేతకానిదన్నానే” అంది. “అన్నేళ్ళూ మాయ మాయ అన్న మనిషి, నా మాట మీద నమ్మకం పెట్టుకుని, మొదటిసారి నా పద్ధతిలో చెయ్యి పెట్టింది. తన కూతురి పెళ్ళికి నా పద్ధతి కావాలనుకుంది. ఎంత గొప్ప సంగతే అది! అది చూడకుండా నేను చేతకానిదన్నాను” అంది. అమ్మ చెయ్యి పట్టుకున్నాను. ఆ చేతికి బొప్పాయి పాల వాసన ఉంది. చెట్టు దగ్గర కాయను ముట్టుకున్నట్టుంది.

ఇప్పుడు పోగులు పెట్టేవాళ్ళు లేరు. వీపు తిప్పి పేర్లు పిలిచేవాళ్ళు లేరు. నాగళ్ళ ఎద్దులు లేవు, ట్రాక్టర్లున్నాయి. ఊకపొయ్యి అంటే మా ఇంట్లో చిన్నపిల్లలు బొమ్మ గీసి చూపించమంటారు. బజారులో కూర నల్లకవర్లో కట్టి ఇస్తారు, అందులో ఏది తొడో ఏది మెడో కొట్టువాడికే తెలియదు. అడిగితే, “అన్నీ ఒకటే గదా మేడమ్, కుక్కర్లో వెయ్యండి” అంటాడు. కూర మెత్తబరిచే పొడి కూడా పొట్లాల్లో వస్తోంది, దాని మీద చూస్తే అదీ బొప్పాయే. పట్టించి వెళ్ళిపోయినా ఏం కాదట. అదంటే నాకు ఒళ్ళు మంట.

అమ్మకు ఇప్పుడు పళ్ళు లేవు. కట్టుడు పళ్ళు పెట్టిస్తే తీసి గ్లాసులో వేసేస్తుంది. నా దగ్గరే ఉంటుంది, మధ్యగదిలో మంచం మీద. వినికిడి కూడా తగ్గింది, చాలా సంగతులు కలిసిపోతున్నాయి, నన్ను ఒక్కోసారి రూతూ అని పిలుస్తుంది. కూర మాత్రం అడుగుతుంది. అందుకని ఆదివారం కుక్కర్ పక్కన పెట్టి, అమ్మకోసం వేరే గిన్నెలో, తొడ ముక్కే వెతికి తెచ్చి, పీచు తడిమి అడ్డంగా కోసి, కత్తి వీపుతో మెల్లగా కొట్టి, కాయ నూరి చిటికెడు ముద్ద పట్టిస్తాను. రోటి చప్పుడు వినపడకపోయినా ఆ పాల వాసన అమ్మకు చేరుతుంది. మంచం మీంచి లేచి, గోడ పట్టుకుంటూ వంటింటి గుమ్మం దాకా వస్తుంది. గిన్నెలోకి చూస్తుంది. ప్రతి ఆదివారం ఒకే మాట అడుగుతుంది.

“అమ్మాయ్, ఎవరన్నా ముందే ఏశారేమో అడిగావా?”

“అడిగానమ్మా” అంటాను. వంటింట్లో నేనొక్కదాన్నే ఉంటాను.